ఇద్దరూ సంపాదిస్తున్నా నెలాఖరుకు ఏమీ మిగలనప్పుడు

మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్న విధంగా ముందు చెబుతాను. మీరిద్దరూ ఉద్యోగం చేస్తున్నారు. రెండేళ్ల పాప ఉంది, మరో అయిదు నెలల్లో రెండో కాన్పు. ఆ తర్వాత ఏడాదిపాటు మీరు జీతం లేని సెలవులో ఉంటారు. వాహనం అప్పు నడుస్తోంది. క్రెడిట్ కార్డు మీద బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నారు. ప్రతి ఖర్చూ ఫోనులో రాసుకుంటున్నారు, బయట తిన్న చిరుతిండి గురించి కూడా ఇద్దరూ వాదించుకుంటున్నారు, అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదు. ఇంకా దేనిలో తగ్గించుకోవాలి, ముందు దాచుకోవాలా అప్పు తీర్చాలా, పిల్లలు ఇద్దరవుతారు కాబట్టి పెద్ద ఇంటికి మారాలా అని అడిగారు.

చాలా ఏళ్లుగా యువ దంపతుల పక్కన కూర్చుని వాళ్ల జమాఖర్చులు చూస్తున్నాను. ఆ అనుభవంతో ఒక మాట గట్టిగా చెబుతాను. మీ డబ్బు చిరుతిండి దగ్గర పోవడం లేదు. యువ కుటుంబం ఎంత మిగుల్చుకుంటుందో తేల్చేవి అయిదారు పెద్ద నిర్ణయాలు: ఎంత ఇంట్లో ఉంటున్నారు, ఏ వాహనం నడుపుతున్నారు, అప్పులకు ఎంత వడ్డీ కడుతున్నారు, పిల్లలను ఎవరు చూసుకుంటారు, ఏడాదికోసారి వచ్చే ఖర్చులకు ముందే సిద్ధపడ్డారా లేదా. వీటిని ఒకసారి బాగా ఆలోచించి తేల్చుకుంటే రోజూ గొడవపడాల్సిన అవసరం చాలావరకు పోతుంది. వీటిని వదిలేసి రోజంతా చిల్లర లెక్కలు చూసుకుంటే అలసట మిగులుతుంది కానీ డబ్బు మిగలదు.

కాబట్టి రోజువారీ పద్దును కొన్నాళ్లు పక్కన పెట్టండి. గత పన్నెండు నెలల బ్యాంకు ఖాతా వివరాలు, కార్డు బిల్లులు ముందు పెట్టుకుని ఒక సెలవు రోజు పూట కూర్చోండి. ఒక నెల కాదు, పూర్తిగా ఏడాది చూడాలి. ఎందుకంటే నెలవారీ లెక్కలో ఎప్పుడూ కనిపించని ఖర్చులు కొన్ని ఉంటాయి. వాహనం బీమా, టైర్లు, పాడైన ఫ్రిజ్, పాపకు జ్వరం వచ్చి ఆస్పత్రికి పరిగెత్తిన రోజు, బడి రుసుము, దగ్గరివాళ్ల వేడుకలకు ప్రయాణాలు, కానుకలు. ఇవి వచ్చిన ప్రతిసారీ ‘ఈ నెల అనుకోకుండా ఖర్చు వచ్చింది’ అనుకుంటాం. పన్నెండు నెలలు వరుసగా చూస్తే అనుకోని ఖర్చు లేని నెల అంటూ దాదాపు ఉండదు. మీ బాకీ పెరిగిన నెలలు ఏవో చూడండి, వాటిలో ఎక్కువ భాగం ఇలాంటి నెలలే అయి ఉంటాయి.

వీటన్నిటినీ కూడండి. ఉదాహరణకు ఏడాదికి 60,000 తేలిందనుకుందాం. దాన్ని 12తో భాగిస్తే 5,000. అంటే మీ నెల ఖర్చు మీరు అనుకుంటున్నదానికంటే 5,000 ఎక్కువ. అది మీరు గుర్తించినా, గుర్తించకపోయినా ఖర్చవుతూనే ఉంది. జీతం పడిన రోజే ఆ 5,000 వేరే ఖాతాకు దానంతట అదే వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. టైర్లు మార్చాల్సి వస్తే అందులోంచి తీయండి. ఆ ఖాతాలో డబ్బు ఉన్నంతవరకు టైర్ల ఖర్చు ఇంట్లో వార్త కాదు, గొడవ అంతకన్నా కాదు.

వేరే ఖాతా ఎందుకు, ఒకే ఖాతాలో ఉంచి గుర్తుపెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. గుర్తుపెట్టుకోలేం. మనుషులు డబ్బును మనసులోనే వేర్వేరు పద్దులుగా విడదీసి, ఒక్కో పద్దును ఒక్కోలా ఖర్చు చేస్తారని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ వివరించారు. డబ్బు నిర్ణయాలు మనుషులు నిజంగా ఎలా తీసుకుంటారో చదివే ప్రవర్తనా అర్థశాస్త్రంలో చేసిన కృషికి ఆయనకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే ఖాతాలో కనిపించే మొత్తమంతా ఒకే పద్దుగా తోచి, అదంతా ఈ నెల వాడుకోవడానికే అన్నట్టు మనసు లెక్క వేసుకుంటుంది. దానితో పోరాడటం కన్నా, డబ్బుకు వేరే పేరు పెట్టి కంటికి దూరంగా ఉంచడం చాలా తేలిక.

ఇక కార్డు బాకీ. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది ఇదొక్కటే. మీరు మాత్రం దీన్ని ఒక్క వాక్యంలో దాటేశారు.

కార్డు మీద వడ్డీ నెలకు 3 శాతం అనుకుందాం. మీ బిల్లులో ఎంత ఉందో చూసుకుని అంకెలు మార్చుకోండి, లెక్క తీరు ఇదే. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనిపిస్తుంది కానీ, వడ్డీ మీద వడ్డీ పడుతుంది కాబట్టి నిజంగా 42.6 శాతం అవుతుంది. పాతకాలపు లెక్క ఒకటి ఉంది: 72ను వడ్డీ శాతంతో భాగిస్తే, మొత్తం రెట్టింపు కావడానికి పట్టే కాలం వస్తుంది. ఇటలీ గణితవేత్త లూకా పాచియోలి 1494లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని ప్రస్తావించారు. 72ను 3తో భాగిస్తే 24. అంటే ఏమీ కట్టకుండా వదిలేస్తే 24 నెలల్లో బాకీ రెట్టింపవుతుంది.

మేం నెలనెలా కడుతున్నాం కదా అంటారు. కనీస చెల్లింపు బాకీలో 5 శాతం అనుకుందాం. 1,00,000 బాకీ మీద ఒక నెలలో 3,000 వడ్డీ చేరి 1,03,000 అవుతుంది. అందులో 5 శాతం, అంటే 5,150 మీరు కడతారు. ఇందులో అసలుకు వెళ్లింది 2,150 మాత్రమే. వచ్చే నెల బాకీ కొంచెం తగ్గింది కాబట్టి కనీస చెల్లింపు కూడా కొంచెం తగ్గుతుంది. అలా తగ్గుతూ పోతే, కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనకపోయినా, బాకీ సగానికి రావడానికి దాదాపు 32 నెలలు పడుతుంది. ఆ 32 నెలల్లో మీరు కట్టే మొత్తం సుమారు 1,20,000. లక్ష బాకీకి లక్షా ఇరవై వేలు కట్టి, ఇంకా యాభై వేలు బాకీ ఉంటారు.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేయండి. బిల్లు మీద కనీస మొత్తం ఎంత తగ్గినా, మొదటి నెల కట్టిన 5,150నే ప్రతి నెలా కట్టండి. అదే లక్ష బాకీ 30 నెలల్లో పూర్తిగా తీరిపోతుంది. కట్టే మొత్తం 1,52,000 దాకా అవుతుంది. ఇంటి ఖర్చులో ఒక్క పైసా తగ్గించకుండా, కేవలం కట్టే మొత్తాన్ని తగ్గనివ్వకుండా ఉండటంతో ఇంత తేడా. ఇంకా ఎక్కువ కట్టగలిగితే ఎంత త్వరగా బయటపడతారో మీరే లెక్క వేసుకోవచ్చు. బాకీ తీరేవరకు ఆ కార్డుతో ఏమీ కొనకండి. పాత బాకీ ఉన్న కార్డు మీద సాధారణంగా వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బ్యాంకును అడిగి ఈ బాకీని తక్కువ వడ్డీ ఉన్న వాయిదాల అప్పుగా మార్చుకోవచ్చేమో కనుక్కోండి. మార్చుకుంటే మాత్రం ఖాళీ అయిన కార్డును మళ్లీ నింపకూడదు. చాలా ఇళ్లలో అప్పు రెండింతలయ్యేది అక్కడే.

వాయిదాల అప్పు తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ‘ఫ్లాట్’ వడ్డీ అని చెబితే, మీరు అసలు తీరుస్తున్నా మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ లెక్క కడతారు. మూడేళ్ల అప్పుకు 10 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే, తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే దాదాపు 18 శాతంతో సమానం. రెండు అప్పులను పోల్చేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో చెప్పమని అడగండి. లేదా నెల వాయిదాను నెలల సంఖ్యతో గుణించి, ఇతర రుసుములు కలిపి, మొత్తం ఎంత కడుతున్నారో చూడండి. మీ వాహనం అప్పు పత్రం కూడా ఒకసారి తీసి ఏ పద్ధతిలో ఉందో చూసుకోండి.

దాచాలా, తీర్చాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఈ క్రమంలో ఉంటుంది. మొదట ఒక నెల తప్పనిసరి ఖర్చులకు సరిపడా డబ్బు అత్యవసర నిధిగా పక్కన పెట్టండి. అంతకుమించి వద్దు. ఆ తర్వాత మిగిలిన ప్రతి పైసా కార్డుకే వెళ్లాలి. కార్డు తీరాక పక్కన పెట్టిన నిధిని మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకు పెంచండి. 42 శాతం వడ్డీ కడుతూ బ్యాంకులో ఆ వడ్డీలో చిన్న భాగం కూడా రాని పొదుపు పెంచుకోవడంలో అర్థం లేదు, నిజమే. అయినా ఆ ఒక్క నెల డబ్బు ముందు ఎందుకంటే, అది లేకపోతే పాపకు జ్వరం వచ్చిన రాత్రి మళ్లీ కార్డే బయటకు తీస్తారు. రెండు నెలలు శ్రమపడి తగ్గించిన బాకీ ఒక్క రాత్రిలో మళ్లీ మొదటికి వస్తుంది, మనసు విరిగిపోతుంది. అలా మనసు విరిగి మొత్తం ప్రయత్నమే వదిలేసినవాళ్లను నేను చూశాను.

ఈ అయిదు నెలలూ మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా విలువైన అవకాశం. ఇద్దరి జీతాలూ వస్తున్నాయి, కొన్నాళ్లలో ఒకటే వస్తుంది. వచ్చే నెల నుంచే ఒక జీతంతో ఇల్లు గడపండి. మీ జీతం పడిన రోజే పూర్తిగా కార్డుకో, నిధికో పంపేయండి, అది లేనట్టే బతకండి. మొదటి నెలలో గడవదు. ఎంత తక్కువైతే ఆ తక్కువైనంత వెనక్కి తీసుకుని, ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. ఆ అంకే మీ అసలు సమస్య. సెలవు మొదలయ్యాక ప్రతి నెలా అప్పు చేయాల్సి వచ్చేది సరిగ్గా అంతే. దాన్ని ఇప్పుడు, చేతిలో రెండో జీతం ఉండగా, నెలనెలా తగ్గించుకుంటూ పోవచ్చు. పురిటి బిడ్డను ఒళ్లో పెట్టుకుని నిద్రలేని రాత్రుల మధ్య ఈ లెక్కలు మొదలుపెట్టాల్సిన పరిస్థితి మీకు రాకూడదని నా కోరిక.

పెద్ద ఇల్లు గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఇప్పుడు మారకండి. పెద్దింటి ఖర్చు అద్దె ఒక్కటే కాదు. ఖాళీ గదికి సామాను కావాలి, కరెంటు కావాలి, ఊడ్చి తుడిచే చేతులు కావాలి. మారడానికే అడ్వాన్సు, రవాణా. పైగా పుట్టే బిడ్డకు వేరే గది అక్కర్లేదు. కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, తనదైన విడి పడకలో, వెల్లకిలా పడుకోవడం సురక్షితమని పిల్లల వైద్యులు చెబుతారు. కాబట్టి మీరు తిరిగి ఉద్యోగంలో చేరేదాకా ఈ నిర్ణయాన్ని వాయిదా వేయవచ్చు. అప్పటికి మీ దగ్గర ఒక జీతంతో గడిపిన ఏడాది అనుభవం ఉంటుంది, ఎంత అద్దె భరించగలరో ఊహించాల్సిన పని ఉండదు.

వాహనం విషయంలో నెల వాయిదాను మాత్రమే చూడకండి. ఇంధనం, బీమా, మరమ్మతులు, ఏటా తగ్గిపోయే దాని విలువ, ఇవన్నీ కలిపి నెలకు ఎంతవుతోందో తేల్చండి. ఆ అంకె వాయిదాకన్నా ఎంత ఎక్కువో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. అమ్మితే వచ్చేది మిగిలిన బాకీకన్నా ఎక్కువై, అది లేకుండా పనులు జరుగుతాయనుకుంటే అమ్మడం మంచిదే. బాకీకన్నా తక్కువే వచ్చేట్టయితే ఉంచుకుని ఎక్కువ కాలం నడపండి. అప్పు తీరిన నెల నుంచి అదే వాయిదాను మీ పొదుపు ఖాతాకు కట్టుకోండి. ఆ డబ్బు లేకుండా బతకడం మీకు అప్పటికే అలవాటై ఉంటుంది. ఇంతకంటే నొప్పి లేని పొదుపు నేను ఎరగను.

జీతం పెరిగినప్పుడు కూడా ఇదే సూత్రం. ఇందాక చెప్పిన థేలర్, మరో ఆర్థికవేత్త ష్లోమో బెనార్ట్జి కలిసి ఒక సంస్థ ఉద్యోగులకు ఒక పథకం పెట్టారు. ఇప్పుడు ఏమీ దాచనక్కర్లేదు, జీతం పెరిగిన ప్రతిసారీ పెరిగినదాంట్లో కొంత పొదుపుకు వెళ్తుందని ముందే ఒప్పుకుంటే చాలు. 2004లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం, పథకంలో చేరినవాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 40 నెలల్లో 13.6 శాతానికి చేరింది. పెంపు వచ్చినప్పుడే పొదుపు పెరుగుతుంది కాబట్టి ఏదో వదులుకున్నట్టు అనిపించే వీలు తక్కువ. మీరు, మీ వారు ఈ రోజే మాట్లాడుకుని, ఇకపై వచ్చే ప్రతి పెంపులో సగం పొదుపుకేనని రాసి పెట్టుకోండి. పెంపు వచ్చాక నిర్ణయిద్దామంటే ఆ డబ్బుకు అప్పటికే పది పనులు సిద్ధంగా ఉంటాయి.

పిల్లల ఖర్చు దగ్గరకు వస్తే, యువ తల్లిదండ్రుల ప్రేమను చూసి వ్యాపారం చేసేవాళ్లు ఎంతమందో తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఆరోగ్యంగా పెరిగే బిడ్డ ఏడాది నిండేసరికి పుట్టినప్పటి బరువుకు సుమారు మూడు రెట్లవుతుంది, పొడవు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అంటే ఆ ఏడాదిలో కొన్న బట్ట ఏదైనా కొన్ని నెలలకే పొట్టి. కొత్తవి ఎక్కువ కొనకండి. పాప బట్టలు, దుప్పట్లు, బొమ్మలు కొలతలవారీగా మూటకట్టి దాచి ఉంచితే రెండో బిడ్డకు దాదాపు అన్నీ సరిపోతాయి. తెలిసినవాళ్ల పిల్లలకు పొట్టివైనవి అడిగి తీసుకోవడానికి మొహమాటపడకండి, మీకు పనికి రానివి మరొకరికి ఇవ్వండి. బిడ్డకు ఆ బట్ట కొత్తదా పాతదా తెలియదు. శుభ్రంగా, మెత్తగా ఉందా అన్నదే తెలుస్తుంది.

తల్లిపాలు సరిపడా ఉండి, మీ ఆరోగ్యం, వీలు సహకరిస్తే, ఖర్చు విషయంలోనూ అంతకన్నా మంచిది లేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తుంది. సహకరించకపోతే డబ్బా పాలు కొనడం దుబారా కాదు, దాని గురించి ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట అనకూడదు. ఖర్చు ఆదా చేయడానికి పాలపొడిని చెప్పినదానికన్నా పలచగా కలపడం మాత్రం ఎన్నడూ చేయకండి, బిడ్డకు అపాయం.

పాతవి వద్దని గట్టిగా చెప్పేవి కొన్ని ఉన్నాయి. కారులో పిల్లలను కూర్చోబెట్టే సీటు, సైకిల్ హెల్మెట్, వీటి చరిత్ర మీకు పూర్తిగా తెలియకపోతే తీసుకోకండి. ఒకసారి ప్రమాదంలో దెబ్బతిన్న సీటు బయటకు బాగానే కనిపించినా లోపల బలం పోయి ఉండవచ్చు. టీకాలు, పళ్ల పరీక్ష, డాక్టరు రాసిన మందుల కోర్సు, గర్భిణిగా మీరు తీసుకోవాల్సిన పోషకాహారం, వీటిలో కోత పెట్టవద్దు. ఇప్పుడు చిన్న పన్ను పుచ్చును వదిలేస్తే, తర్వాత చాలా పెద్ద చికిత్సకు కట్టాల్సి వస్తుంది.

వంటింటి విషయంలో చవకైన వస్తువు కోసం నాలుగు దుకాణాలు తిరగడం కన్నా కొన్నది పారేయకుండా ఉండటం ఎక్కువ మిగులుస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి దుకాణాలు, హోటళ్లు, ఇళ్లలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోనే. వారానికోసారి కొనడానికి వెళ్లే ముందు ఫ్రిజ్ తెరిచి, ముందు ఏది పాడవుతుందో దాన్నిబట్టి రెండు మూడు పూటల వంట నిర్ణయించుకోండి, ఆ తర్వాతే జాబితా రాయండి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మిగిలిన వంటను రెండు గంటల్లోపు లోపల పెట్టాలి. పొట్లాల మీద రెండు రకాల తేదీలు ఉంటాయి. ఒకటి రుచి, నాణ్యత తగ్గడం మొదలయ్యే తేదీ, అది దాటితే వెంటనే పారేయనక్కర్లేదు, చూసి వాడుకోవచ్చు. మరొకటి భద్రతకు సంబంధించిన గడువు, అది దాటితే వాడకూడదు. పెద్ద పొట్లం ఎప్పుడూ చవకే అనుకోకండి. కిలోకు, లీటరుకు ఎంత పడుతోందో చూడండి. నిల్వ ఉండేవి, మీరు ఎలాగూ వాడేవి మాత్రమే ఎక్కువగా కొనండి.

కరెంటు గురించి ఒక్క లెక్క చెబుతాను, ఎక్కడ శ్రద్ధ పెట్టాలో దీనితోనే తెలుస్తుంది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడి చేయడానికి దాదాపు 0.44 యూనిట్లు కావాలి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అంత కరెంటు వాడాలంటే రెండు రోజులు ఆగకుండా వెలగాలి. కాబట్టి దీపం ఆర్పలేదని పాపను మందలించే ఓపికను స్నానం నీళ్ల మీద, బట్టలు ఉతికే నీటి వేడి మీద, గది చల్లబరిచే యంత్రం మీద పెట్టండి. నీళ్లను వేడి చేసేవి, గదిని వేడి చేసేవి, చల్లబరిచేవి, వీటి దగ్గరే బిల్లు పెరుగుతుంది. గిన్నె మీద మూత పెట్టి వండటం, మురికి ఎక్కువ లేని బట్టలను చన్నీటితో ఉతకడం, వేడినీటి యంత్రం ఉష్ణోగ్రతను కొంత తగ్గించడం లాంటివి ఒకసారి అలవాటైతే మళ్లీ ఆలోచించనక్కర్లేదు. మిగతావాటికి అంత ప్రాణం పెట్టకండి.

బీమా విషయం క్లుప్తంగా చెబుతాను. ఏడాదిపాటు మీ కుటుంబం ఒకే జీతం మీద ఆధారపడుతుంది. ఆ జీతం తెచ్చే మనిషికి జీవిత బీమా, అందరికీ వైద్య బీమా ఉన్నాయో లేదో సెలవు మొదలయ్యేలోపు చూసుకోండి. కొన్నేళ్ల కాలానికి రక్షణ మాత్రమే ఇచ్చే సాదా టర్మ్ పాలసీ తక్కువ ప్రీమియంతో ఎక్కువ మొత్తానికి దొరుకుతుంది. పొదుపు, బీమా కలిపి అమ్మే పథకాల్లో సాధారణంగా రెండూ అరకొరగానే అందుతాయి, ఈ దశలో మీకు అవి వద్దు. ఇంట్లో ఉండి పిల్లలను చూసుకునే మనిషి పనికి కూడా విలువ ఉంది, ఆ మనిషి లేకపోతే ఆ పనులన్నిటికీ డబ్బు ఇచ్చి మనుషులను పెట్టుకోవాలి. మీ పేరు మీద కూడా పాలసీ ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పినవి అంకెలు. అంకెలకన్నా నాకు ముఖ్యమైన సంగతి ఒకటి మీ ఉత్తరంలో అక్షరాల మధ్య కనిపించింది. ఖర్చు రాసేది మీరు, బేరం ఆడేది మీరు, మిగిలిన వంటను మరునాటికి సర్దేది మీరు, ఏ దుకాణంలో ఏది చవకో గుర్తుపెట్టుకునేది మీరు. పొదుపుకు శ్రమ కావాలి, ఆ శ్రమ ఎక్కువ ఇళ్లలో ఒక్క మనిషి మీదే పడుతుంది. ఉద్యోగం చేస్తూ, గర్భంతో, రెండేళ్ల పాపతో ఇదంతా ఒక్కరే మోయడం న్యాయం కాదు. ఏ పొదుపు పద్ధతి గురించి ఆలోచించినా రెండు ప్రశ్నలు అడగండి: నెలకు ఎంత మిగులుతుంది, దానికి ఎవరి సమయం ఎన్ని గంటలు పోతుంది. రెండు గంటలు కష్టపడి చిల్లర మిగిల్చే పని ఏదైనా వదిలేయండి. ఆ రెండు గంటలు నిద్రపోండి.

పనులు పంచుకోవడం కూడా పేరు పెట్టి జరగాలి. కార్డు బాకీ, అప్పులు, బీమా ఆయన చూసుకోవాలి, వారపు సరుకులు, పిల్లల వస్తువులు మీరు, లేదా అటుదిటు. ఎవరి పని వాళ్లు మొదటి నుంచి చివరిదాకా చేయాలి, రెండోవాళ్లు పదే పదే గుర్తు చేసే అవసరం రాకూడదు. నెలకోసారి అరగంట ఇద్దరూ కూర్చోండి. మూడు అంకెలు చూస్తే చాలు: కార్డు బాకీ ఎంత, నిధిలో ఎంత ఉంది, ఏడాది ఖర్చుల ఖాతాలో ఎంత ఉంది. ఎవరు ఎక్కడ ఏం తిన్నారు అన్న చర్చ ఆ అరగంటలో రాకూడదు.

అది రాకుండా ఉండాలంటే ఇద్దరికీ చెరో చిన్న మొత్తం ప్రతి నెలా లెక్క అడగని డబ్బుగా ఉండాలి. ఎంత ఇబ్బందిలో ఉన్నా, ఎంత చిన్నదైనా సరే, ఇద్దరికీ సమానంగా. ఆయన చిరుతిండి తింటారో, మీరు పుస్తకం కొనుక్కుంటారో, దాచుకుని చెప్పులు కొంటారో, మరొకరికి సంబంధం లేదు. సెలవులో ఉన్న ఏడాదిలో మీకు జీతం రాకపోయినా ఈ డబ్బు ఆగకూడదు. ‘నేను సంపాదించడం లేదు కదా’ అని మీరే వదులుకుంటారేమోనని ముందే చెబుతున్నాను. వదులుకోకండి.

పాప పేరు మీద పొదుపు మొదలుపెట్టాలా అని చివర్లో అడిగారు. కార్డు తీరి, మూడు నెలల నిధి చేరేదాకా వద్దు. చదువుకు ఇంకా చాలా ఏళ్లుంది, ఆ డబ్బును దీర్ఘకాలానికి, ధరల పెరుగుదలను మించి పెరిగే చోట పెట్టాలి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, అదే 72 లెక్క ప్రకారం, ఊరికే ఉంచిన డబ్బు విలువ 12 ఏళ్లలో సగమవుతుంది. అత్యవసర నిధికి మాత్రం ఈ చింత పెట్టుకోకండి. అది పెరగడానికి కాదు, అడిగిన రోజు చేతికి రావడానికి ఉంది, మామూలు ఖాతాలోనే ఉండనివ్వండి.

కాన్పుకు నెల ముందే వాయిదాలు, అద్దె, బీమా, కరెంటు బిల్లు అన్నీ దానంతట అవే కట్టుకుపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి, తేదీలు జీతం పడిన తర్వాతి రెండు మూడు రోజుల్లో ఉండేలా మార్చమని అడగండి. బిడ్డ పుట్టాక మొదటి మూడు నెలలు పొదుపు పెంచే ప్రయత్నం ఏదీ పెట్టుకోవద్దు. బయటి నుంచి భోజనం తెప్పించుకోవాల్సి వస్తే తెప్పించుకోండి, ఆ ఖర్చుకు ఒక మొత్తం ఇప్పుడే పక్కన పెట్టుకోండి. నాలుగో నెలలో మళ్లీ కూర్చుని ఆ మూడు అంకెలు చూడండి. ఈలోపు మీ కార్డు వడ్డీ శాతం, కనీస చెల్లింపు ఎంతో రాస్తే మీ బాకీకి సరిపడే లెక్క నేనే వేసి ఇస్తాను.